ఖరీదు సిరాది కాదు

ఇంక్‌జెట్ ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ని కోసి చూడాలనుకుంటే రంపం బ్లేడు, పాత పేపర్లు, మరకలు పడినా బాధలేని లుంగీ ఉంటే చాలు. నల్లదైతే లోపల ఒకటే గది, దాని నిండా స్పాంజి. రంగులదైతే మూడు గదులు, మూడు స్పాంజి ముక్కలు: నీలం, గులాబీ, పసుపు. స్పాంజి అడుగున సన్నటి లోహపు జల్లెడ. దాని కింద చిన్న దారి, ఆ దారి చివర గోరంత సిలికాన్ పలక. పలక నుంచి డబ్బా వీపు మీదికి వంగి వచ్చిన మెరిసే పట్టీ, దాని మీద ప్రింటరు కరెంటు అందించే బొడిపెలు. ఇంతే సరంజామా. స్పాంజిని ఎంత పిండినా చిన్న రకాల్లో వచ్చే సిరా ఒక టీ చెంచాడు.

కొలతల విషయంలో హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ళ పాత నంబర్లు భలే పాఠం చెబుతాయి. 56, 27, 21 అని మూడు నల్ల కార్ట్రిడ్జ్‌లు ఉండేవి. మూడింటి డబ్బా ఆకారం ఒకటే. 56లో 19 మిల్లీలీటర్ల సిరా, 27లో 10, 21లో 5. డబ్బా తగ్గలేదు, లోపలిది తగ్గింది. ఖాళీ డబ్బాల్ని సిరంజితో మళ్ళీ నింపే రీఫిల్ కుర్రాళ్ళకి ఈ రహస్యం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, చేతిలో సిరంజే చెప్పింది. అయిదుతో నిండాల్సినది పది పోసినా ఇంకా పీల్చుకుంటుంటే వాళ్ళకి అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

సిరాలో ఏముంటుందంటే, చాలామటుకు నీళ్ళు. తొందరగా ఎండిపోకుండా గ్లిసరిన్, గ్లైకాల్ లాంటివి. కాగితంలోకి పద్ధతిగా ఇంకడానికి సబ్బుజాతి పదార్థం చిటికెడు, బూజు పట్టకుండా మందు కొంచెం. రంగు పదార్థం వందకి కొన్ని పాళ్ళే. నల్లదాంట్లో చాలా కంపెనీలు మసి రేణువుల్ని వాడతాయి. అవి కాగితం పైనే నిలబడతాయి, తడి తగిలినా అంతగా చెదరవు. మిగతా రంగులు తరచుగా నీళ్ళలో కరిగే అద్దకపు రంగులే. కడియం నర్సరీల్లో మొక్కకి కట్టే చీటీల్ని అలాంటి రంగుల్లో అచ్చేస్తే ఒక్క తడికే గులాబీ పేరు, గులాబీ రంగు కలిసి మట్టిలోకి పోతాయి. అక్కడ ఎందుకు మార్కరు పెన్నుతో రాస్తారో ఆలోచించండి.

మరి స్పాంజి ఎందుకు? పలక నిండా వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు, వాటి మీద సిరా బరువు. పట్టి ఆపేది లేకపోతే కారిపోతుంది. స్పాంజి సిరాని ఎప్పుడూ కాస్త వెనక్కి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు ఎక్కువైతే అక్షరం సగంలో ఆగుతుంది, తక్కువైతే కాగితం మీద మడుగు.

ఈ తూకం సంగతి రాజమండ్రి వాళ్ళకి కొత్త కాదు. గాంధీజీ మాట మీద స్వదేశీ కలం చెయ్యడానికి పూనుకున్న కె.వి. రత్నం గారి పెన్నుల పని 1930ల్లో ఈ ఊళ్ళోనే మొదలైంది. గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్ప గారి ద్వారా అందిన రత్నం పెన్నుని వాడి చూసి, బజారులో దొరికే విదేశీ కలాలకి ఇది బదులుగా బాగానే పనికొస్తుందని గాంధీజీ 1935 జూలై 16న ఉత్తరం రాశారు. కోటగుమ్మం వైపు వెళ్ళినవాళ్ళకి ఆ పేరు ఇప్పటికీ కనబడుతుంది. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచిన ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి చేసే పెన్ను అది. లోపల ట్యూబు లేదు, పంపు లేదు. పెన్ను కడుపంతా సిరాకే. ఫిల్లరుతో పోసుకోవడం, మర బిగించుకోవడం, రాసుకోవడం.

నేను రాసేది ఆ జాతి పెన్నుతోనే. దాని గుణం ఒకటుంది. సిరా సగానికి దిగాక, పైన చేరిన గాలి చేతివేడికి వ్యాకోచించి సిరాని ముందుకి తోస్తుంది. పాళీ కింద బొట్టు లావవుతుంది, ఒక్కోసారి టప్పున పడుతుంది. రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఈ ఊళ్ళో, సగం ఖాళీ పెన్ను జేబులో పెట్టుకుని తిరిగే పెద్దమనుషుల చొక్కాల మీద దాని తాలూకు నీలి ముద్రలు చూశాను. మందు తేలికే: సగానికి దిగకముందే మళ్ళీ నింపుకోవడం.

వేడి సిరాని బయటికి తోస్తుందన్న ఈ బెడదనే జపాన్‌లో ఒకాయన యంత్రంగా మార్చాడు. 1977లో కానన్ కంపెనీలో ఇచిరో ఎండో పనిచేసుకుంటుండగా కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ సిరా నింపిన సిరంజి సూదికి తగిలింది, సూదిమొన నుంచి సిరా చిమ్మింది. అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ళు దాదాపు అదే కాలంలో వేరే దారిన అదే చోటికి చేరారు. 1984లో వాళ్ళ థింక్‌జెట్ వచ్చింది. అందులో సిరాతోపాటు అచ్చువేసే తల కూడా పారేసే డబ్బాలోనే ఉండేది, ఆ తలకి 12 రంధ్రాలు. ఇప్పటివాటికి వందలు.

ఒక్కో రంధ్రం వెనకా ఒక చిట్టి హీటరు. సెకనుని పది లక్షల వంతులు చేస్తే అందులో కొన్ని వంతుల సేపు కరెంటు పారుతుంది, హీటరు మూడొందల డిగ్రీల దరిదాపులకి పోతుంది, దాని మీదున్న సిరా పొర ఒక్కసారిగా ఆవిరి బుడగవుతుంది. కాగిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరినట్టు. బుడగ తోసిన చుక్క కాగితం మీద పడుతుంది, బుడగ కూలిపోతుంది, ఖాళీ అయిన చోటికి స్పాంజి నుంచి కొత్త సిరా వస్తుంది. ఇదంతా సెకనుకి వేలసార్లు. చుక్క పది పికోలీటర్లు అనుకుంటే అయిదు మిల్లీలీటర్ల సిరాలో 50 కోట్ల చుక్కలు. చెంచాడు సిరాని యాభై కోట్ల ముక్కలు చేసి ఒక్కోదాన్నీ అనుకున్నచోట పెట్టే పనితనం ఆ గోరంత పలకది.

అందుకే అంటాను, మనం కొనేది సిరా అనుకుంటాం గానీ ఈ రకం కార్ట్రిడ్జ్‌లో ఖరీదైన వస్తువు సిరా కాదు. ఆ పలక. సిరా అయిపోయిందని దాన్ని చెత్తబుట్టలో వెయ్యడం నా దృష్టిలో అసలైన దుబారా. మన దేశపు ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో కూడా ప్రింటర్లని కార్ట్రిడ్జ్‌లతో సహా అని స్పష్టంగా రాశారు. ప్రభుత్వం దాన్ని ఎలక్ట్రానిక్ సామాను అని ఒప్పుకుంది. వాడేవాళ్ళమే ఇంకా సిరాబుడ్డి అనుకుంటున్నాం.

రీఫిల్ పనిలో నాకు గురువు దేవీచౌక్ దగ్గర చిన్న కొట్టు కుర్రాడు. పెళ్ళి లెక్కల పట్టీల నుంచి హాల్ టికెట్ల దాకా అచ్చేస్తూ మధ్యలో ఈ పని చేస్తాడు. "ఖాళీ అయ్యేదాకా ఆగకండి మాస్టారూ, గీత పల్చబడుతుంటేనే తీసేయండి. ఎండిపోయాక తెస్తే నేనేం చెయ్యలేనండి" అన్నాడు. ఆ మాటలో శాస్త్రం ఉంది. హీటరుని చల్లార్చేది సిరాయే. సిరా లేకుండా కాలితే హీటరు మాడిపోతుంది, ఆ రంధ్రం ఇంక పలకదు. నా పెన్నుకీ, ఆ పలకకీ నియమం ఒకటే.

పైన అతికించిన స్టిక్కరు లేపితే గాలి రంధ్రాలు ఉంటాయి. నల్లదానికి ఎక్కడ పొడిచినా ఫరవాలేదు గానీ రంగులదానికి ఏ రంధ్రం కింద ఏ రంగో తెలిసి ఉండాలి. లేకపోతే పసుపు గదిలోకి నీలం పోతుంది, ఇక ఆకాశాలు, అరిటాకులు ఒకే రంగు. సూదిని స్పాంజి అడుగుదాకా దించి, బొట్టు బొట్టుగా, గాలి ఇరుక్కోకుండా పొయ్యాలి. పైకి ఉబికిందా, ఆపెయ్యాలి. ఆనక తలని గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన టిష్యూ మీద కాసేపు నిలబెడితే, రంగులదైతే మూడు రంగుల చారలు విడివిడిగా దిగాలి. ఒక చార రాకపోతే అక్కడ దారి మూసుకుపోయిందన్నమాట. మంచి చేతిలో పడితే ఒక కార్ట్రిడ్జ్ నాలుగైదు రీఫిళ్ళు ఓర్చుకుంటుంది, తరవాత హీటర్లే ఒక్కోటీ సెలవు పుచ్చుకుంటాయి. కంప్యూటరు తెర మీద సిరా లేదు, లేదు అని ప్రింటరు గోల పెడుతుంది. పెట్టనివ్వండి. ఈ తరహా వాటిలో అది సిరాని చూసి చెప్పడం లేదు, పంపిన చుక్కల్ని లెక్కపెట్టి అంచనా వేస్తోంది.

ఇక రూపాయల లెక్క. చిన్న ఇంటి ప్రింటర్లలో వేసే 803 నంబరు నల్లదానికి కంపెనీ చెప్పే దిగుబడి 190 పేజీలు. ఏడెనిమిది వందలు పెట్టి కొంటే పేజీకి నాలుగు రూపాయలు. కాగితం దీనికి అదనం. ఆ కాగితం మా ఊరి కాగితపు మిల్లుదే అయినా సరే, పైనున్న సిరా ముందు దాని ఖరీదు ఏపాటి? పేజీ అంటే కూడా నిండు పేజీ కాదు. నూటికి అయిదు వంతుల మేర నలుపు ఉన్నది అని స్థూలంగా అనుకునే లెక్క. కాగితం నిండా ఫోటో వేస్తే దానికి ఇరవై రెట్ల దాకా పోవచ్చు. రంగుల డబ్బాలో ఒక్క పసుపు అయిపోయినా, మిగతా రెండు గదుల్లో సిరా ఉన్నా, రీఫిల్ చెయ్యనివాడు మొత్తం పారెయ్యాల్సిందే. పైగా రంధ్రాలు ఎండకుండా ప్రింటరు తనంతట తాను తల కడుక్కునేటప్పుడు కొంత సిరా కాగితం మొహమే చూడదు. అప్పుడప్పుడూ అచ్చేసే ఇళ్ళలో సగానికి సగం సిరా ఆ కడుగుళ్ళకే పోయిన ప్రింటర్లు చాలా ఉన్నాయని అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పరీక్షించి రాసింది. అసలు కంటే వడ్డీ ముద్దన్నది కంపెనీలకి తెలుసు. ప్రింటరు చవగ్గా ఇచ్చేది అందుకే.

వడ్డీ పోకుండా కాపలా పెట్టడం కూడా తెలుసు. కొన్ని కంపెనీలు కార్ట్రిడ్జ్‌కి చిప్పు తగిలించాయి, వేరేవాళ్ళ సిరా కనబడితే ప్రింటరు మొరాయించేలా సాఫ్ట్‌వేర్ పెట్టాయి. వాడి ఇచ్చేసినదాన్ని మళ్ళీ నింపి అమ్మడం తమ పేటెంటుకి ద్రోహమని లెక్స్‌మార్క్ కంపెనీ ఒక చిన్న వ్యాపారి మీద వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అది లేజర్ టోనర్ల వ్యవహారం. ఒకసారి అమ్మేశాక ఆ వస్తువు మీద పేటెంటు హక్కు తీరిపోయినట్టేనని 2017 మే 30న కోర్టు తీర్పిచ్చింది. దేవీచౌక్ కుర్రాడికి ఈ కేసు సంగతి చెబితే, "కొన్నది మనది కాకపోతే ఎవరిదండీ?" అని తన సిరంజి తను కడుక్కున్నాడు.

సిరంజివాళ్ళు కంపెనీలకి పాఠం చెప్పిన సందర్భం ఒకటుంది. మన ఊళ్ళలోనూ, ఇండోనేషియాలోనూ కొట్లవాళ్ళు ప్రింటరు పక్కన సిరా సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలతో లోపలికి పారించుకునేవారు. చూడ్డానికి సెలైను ఎక్కించుకుంటున్న రోగిలా ఉండేది గానీ బ్రహ్మాండంగా పనిచేసేది. ఎప్సన్ కంపెనీ చివరికి ఆ కిటుకుని తనదే చేసుకుని 2010లో ఇండోనేషియాలో ఎల్100 అన్న ట్యాంకు ప్రింటరు దింపింది. ఆనక మనకీ వచ్చింది. ఇప్పుడు 003 నంబరు నల్ల సీసాలో 65 మిల్లీలీటర్లు, దిగుబడి 4,500 పేజీలు. ధర కార్ట్రిడ్జ్ కన్నా తక్కువే. పేజీ పైసల్లోకి దిగిపోయింది. అదే సిరా, అదే నీళ్ళు. అమ్మే పద్ధతి మారితే ధర ఇంత పడిపోయిందంటే మునుపటి ధర దేనికి కట్టామో చెప్పక్కర్లేదు.

అలాగని అందరూ ట్యాంకు కొనుక్కోండని అనను. ఎప్సన్ తలలో హీటర్లుండవు. కరెంటు తగిలితే వంగే స్ఫటికం సిరాని తోస్తుంది. మన్నిక ఎక్కువ, కానీ ఆ తల ప్రింటరుకే బిగించి ఉంటుంది. కోనసీమలో ఇంటికి తాళం వేసి మూడు నెలలు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉండి వచ్చేవాళ్ళకి, ఎండిపోయిన ఆ తల మార్పిస్తే ప్రింటరు ఖరీదులో చాలా భాగం వదులుతుంది. వాళ్ళకి తలతో సహా ఊడి వచ్చే పాత కార్ట్రిడ్జే నయం. తల పాడైతే డబ్బా మార్చుకుంటే సరి. రోజూ బిల్లులు కొట్టే భీమవరం రొయ్యల వ్యాపారికి ట్యాంకు. ఏడాదికి పాతిక కాగితాలు చాలనుకునేవారికి వీధి చివర జిరాక్స్ కొట్టు, అక్కడ పేజీకి కొన్ని రూపాయలిస్తే కడుగుళ్ళ బాధ వాళ్ళదే.

మా ఇంట్లో ఉన్నది కార్ట్రిడ్జ్ యంత్రమే. రంధ్రాలు ఎండకుండా వారానికో పేజీ అన్ని రంగుల్లో అచ్చేస్తుండాలి. ఊరికే చారలు వెయ్యడం ఎందుకని మా ఆవిడ ఆ పేజీని కిరాణా చీటీకి కేటాయించింది. కందిపప్పు గులాబీలో, ఉప్పు నీలంలో, పసుపు పసుపులో. ఆ చివరిది మాత్రం తెల్లకాగితం మీద కనబడటం లేదని కొట్టాయన ప్రతివారం ఫోన్ చేస్తాడు.