కాల్షియము: గాదెలో ధాన్యమా?

కాల్షియము అనగానే ఎముకలు, దంతాలు అని చెప్పి ముగించడం పాఠ్యగ్రంథాలలో పరిపాటి. దేహంలోని కాల్షియములో నూటికి 99 పాళ్ళు అక్కడనే ఉన్నది గనుక అది తప్పనలేము. మిగిలిన ఆ ఒక్క పాలును గురించి మాత్రం, కణము దానిని నిల్వ చేసుకొంటుందని ఒక్క వాక్యం వ్రాసి ఊరుకొంటారు. చిక్కంతా ఆ వాక్యంలోనే ఉన్నది.

గాదెలో ధాన్యము తినడానికి నిల్వ ఉంచుతాము. కణము కాల్షియమును తినదు; అదుపులో ఉంచుతుంది. విశ్రాంతిగా ఉన్న కండరకణపు ద్రవంలో విడి కాల్షియము, కణము బయట ఉన్నదానిలో సుమారు 10,000వ వంతు మాత్రమే. నాడి నుండి ఆజ్ఞ రాగానే, కణంలో వలవలె అల్లుకొన్న సంచుల నుండి కాల్షియము వెలువడి ట్రోపోనిన్ అనే ప్రోటీనును అంటుకొంటుంది, కండరము ముడుచుకొంటుంది. వెంటనే పంపు ప్రోటీనులు ఒక్కొక్క ఏ.టి.పి. అణువు ఖర్చుతో రెండేసి అయానులను తిరిగి సంచులలోనికి తోడివేస్తాయి. లోపల అంత కొరతగా ఉండడం వల్లనే, కొద్దిపాటి పెరుగుదల కూడా కణానికి సంకేతమవుతున్నది.

ఈ చిత్రమైనా అన్ని కణాలకూ ఒకే తీరున అతకదు. కప్ప గుండెలో ఈ సంచులు స్వల్పము. బయటి కాల్షియమే దానికి ముఖ్యాధారము. కాల్షియము లేని ద్రావణంలో ఆ గుండె ఆగిపోతుందని సిడ్నీ రింగర్ 1883లోనే చూపినాడు.

ఉపాధ్యాయులు పాఠాన్ని ఈ ప్రయోగంతో ప్రారంభించడం మేలు. అప్పుడు కాల్షియము ఎంత ఉన్నదని మాత్రమే గాక, ఎక్కడ, ఎప్పుడు ఉన్నదని కూడా విద్యార్థి అడుగుతాడు.