తాలు తీసినోడికి ఏం మిగిలింది?

నిజాయితీగా ఉన్నవాడికి చివరికి లాభమే అని బడిలో చెప్పారు. చెప్పిన పంతుళ్లెవరూ వడ్లు అమ్మినట్టు లేరు.

యాసంగి కోతలప్పుడు నిజామాబాద్ జిల్లాలో రెంజల్ నుంచి కందకుర్తి దాకా రోడ్డు పక్కన వడ్లు ఆరుతూనే ఉంటాయి. సర్కారు కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా చెల్లుతుంది. అంతకన్నా ఎక్కువ ఆరబెట్టినా ధర పైసా పెరగదు, తూకం మాత్రం పడిపోతుంది. 17 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను 14 శాతానికి తెస్తే మూడున్నర కిలోలు గాల్లో కలిసినట్టే. 2025-26లో ‘ఏ’ గ్రేడు మద్దతు ధర రూ.2,389. ఆ లెక్కన క్వింటాలుకు రూ.83 ఎండకే పోయాయి. వంద క్వింటాళ్లు పండిస్తే 8 వేల పైమాటే.

నాకు వరసకు చిన్నాయన ఒకాయన ఏటా గింజ గలగలమనేదాకా ఆరబోస్తాడు. "గింత ఎండబెడితే తూకం పోదా చిన్నాయినా?" అని అడిగితే, "నీళ్లు కలిపి అమ్మతందుకు నేనేమన్న పాలు పోసెటోణ్ణారా?" అన్నాడు. పాలు పోసేవాళ్లు ఏమనుకుంటారో గానీ, ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన జేబుకు పడిన చిల్లుకూ లేదు.

తేమతోనే పోతే సరిపెట్టుకోవచ్చు. అసలు దెబ్బ తరుగు దగ్గర. నలభై కిలోల సంచికి, గోనె బరువు పోను, ఇంకో కిలోనో కిలోన్నరో ఎక్కువ జోకుతున్నారని ప్రతి సీజన్‌లోనూ రైతుల మొర వింటూనే ఉన్నాం. లారీ మిల్లుకు చేరాక గింజలేని తాలుందనీ మట్టి ఉందనీ మళ్లీ కోత. ఆ లారీలో నలుగురైదుగురి సంచులుంటాయి. ఏ సంచి ఎవరిదో అక్కడ చూసేదెవరు? లారీ మొత్తానికి కలిపి కోస్తారు. అంటే మిషన్ కోసింది కోసినట్టే నింపి తెచ్చినవాడి తాలుకు, ఫ్యాను పెట్టి తూర్పారబట్టినవాడు కూడా వడ్లు కట్టాలి. మరుసటేడు అతనూ ఫ్యాను అటకెక్కిస్తాడు, ఎట్లాగూ కోస్తరు గదా అని. తాలు ఉందని మిల్లువాళ్లు కోస్తారు, కోస్తారని రైతులు తాలు తీయరు. ముందు ఎవరు మొదలుపెట్టారని అడిగితే తెల్లారేదాకా పంచాయితీ నడుస్తుంది.

చెరుకుదీ ఇదే కథ. మా దగ్గరి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది గానీ, ఎక్కడి ఫ్యాక్టరీకి తోలినా లెక్క మారదు. 2025-26కు కేంద్రం పెట్టిన ధర క్వింటాలుకు రూ.355, అదీ 10.25 శాతం చక్కెర రికవరీ మీద. ఆ రికవరీ ఫ్యాక్టరీ మొత్తానిది, నీ బండిది కాదు. ఆకు దూసి, మొవ్వ నరికి శుభ్రంగా తెచ్చిన చెరుకుకూ చెత్తతో కట్టిన మోపుకూ గానుగలో ఒకటే రసం.

ఇక పసుపుకు రండి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఏ కుప్పకు ఆ కుప్పకే ధర పలుకుతుంది. సరిగా ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన కాడికీ పచ్చిగా తెచ్చిన కాడికీ తేడా ఆ పూటే చేతికొచ్చే డబ్బులో తెలుస్తుంది. అందుకే వడ్లలో తాలు వదిలేసిన మనిషే పసుపు దగ్గర కూర్చుని ఒక్కో కాడీ ఏరుతాడు. మనిషి మారలేదు, అమ్మే పద్ధతి మారిందంతే.

అయితే కంటికి ఆనేదానికే ధర పలికితే అక్కడా మోసమే గెలుస్తుంది. బంగ్లాదేశ్‌లో పాలిష్ పట్టేచోట పసుపుకు మెరుపు రావాలని ఏళ్లతరబడి లెడ్ క్రోమేట్ రంగు కలిపారు. అందులో ఉండేది సీసం, పిల్లల మెదడును దెబ్బతీసే విషం. 2019లో అక్కడి అధికారులు యంత్రాలతో బజార్లలో పరీక్షలు చేసి, జరిమానాలు వేశారు. ఆ ఏడాది మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది. 2021 నాటికి ఒక్కదాంట్లోనూ లేదు. రెండేళ్లలో వ్యాపారులందరికీ పాపభీతి పుట్టిందంటే నేను నమ్మను. పట్టుబడతామన్న భయం పుట్టింది.

కాబట్టి నా లెక్క ఇది: నీ సరుకు నీ పేరుతోనే ధర దాకా పోతే నిజాయితీ గిడుతుంది. పదిమంది సరుకులో కలిసిపోతే నష్టమే. ఆ నష్టం తెలిసీ మానని చిన్నాయన లాంటివాళ్లను పొగడటం తేలిక. పొగిడితే పోయిన 8 వేలు తిరిగిరావు.

వడ్లు కొనే ఐకేపీ, సొసైటీ కేంద్రాలు నడిపేవాళ్లకు ఒక మనవి. సంచి లారీ ఎక్కకముందే తేమ ఎంత, తాలు ఎంత, తూకం ఎంత అన్నది రైతు పేరు మీద చీటీ రాసి చేతికివ్వండి. మిల్లులో కోత పడితే ఆ చీటీ చూసి, ఎవరి వడ్లలో లోపముందో వాళ్లకే కోయమనండి. వచ్చే సీజన్ కాంటాలు మొదలయ్యేలోపు ఈ ఒక్క పని జరగాలె.