రెండు ఈనెల నడుమ పసుపు బిళ్ల

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఏ పల్లెకు వెళ్లినా పాడావుల చెవులకు పసుపు బిళ్లలు కనిపిస్తాయి. మీద పన్నెండంకెల నంబరు, బార్‌కోడ్. రైతులు ట్యాగ్ అంటారు, పత్రికలు పశు ఆధార్ అంటాయి. చూసి చూసి పట్టించుకోవడం మానేశాం గానీ, చేతిలోకి తీసుకుంటే ముచ్చటేసే వస్తువది.

బిళ్లలో రెండు ముక్కలుంటాయి. ఒకదానికి మొనదేలిన కాడ, రెండోదానికి ఆ మొనను మింగే బొడిపె. రెండూ పాలియురెథేన్‌వే, తగిలితే విరగవు, వంగుతాయి. మొన ఒకసారి బొడిపెలో దిగిందా, ఇక వెనక్కి రాదు. బలవంతాన లాగితే బిళ్లే పాడవుతుంది. అందుకే ఒక ఆవు బిళ్ల ఇంకో ఆవుకు పనికిరాదు. బొడిపె కొస మూసి ఉంటుంది కాబట్టి మొన బయటికి పొడుచుకురాదు. నాకు అన్నిటికన్నా నచ్చింది కాడ పొడవు. చెవి మందం కన్నా రవ్వంత ఎక్కువ. ఆ సందులో గాలి ఆడి పుండు మానుతుంది.

ఇక వేసేవారి చెయ్యి. ఆకుకున్నట్టే ఆవు చెవికీ ఈనెలుంటాయి. వాటి నడుమ, రక్తనాళం తగలని చోటు వేలితో తడిమి పట్టుకోవాలి. మరీ అంచుకు వేస్తే కంపలో చిక్కి చెవి చీలుతుంది, మొదట్లో వేస్తే నొక్కుకుని చీము పడుతుంది. ముకుతాడు బిగించి, స్పిరిట్‌తో తుడిచి, పట్కారు ఒక్క నొక్కు నొక్కి వెంటనే వదలాలి. పల్లెలో పశువుల పని చూసే గోపాలమిత్ర, మెలకువ తెలిసినవాడు వేస్తే ఆవు తల విదిలించేలోపే పని అయిపోతుంది.

2019లో కేంద్రం గాలికుంటు, బ్రూసెల్లా నివారణ కార్యక్రమం మొదలుపెట్టాక ఈ నంబరుకు విలువ పెరిగింది. ఆర్నెల్లకోసారి వేసే గాలికుంటు టీకా, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు జన్మలో ఒకేసారి వేసే బ్రూసెల్లా టీకా, ఎదకు వేసిన సూది, ఈత, యజమాని పేరు... అన్నీ ఆ నంబరు కిందే ఎక్కుతాయి. బీమా సొమ్ము అడిగేటప్పుడూ బిళ్ల చూపించాల్సిందే. ఒక్క లోటు మాత్రం చెప్పాలి. పిచ్చావు రోగం దెబ్బ తిన్నాక యూరప్ ఆవులకు రెండు చెవులకూ బిళ్లలు తప్పనిసరి చేసింది. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది. మన దగ్గర ఒకే చెవి. ఊడితే కొత్త నంబరు వేయించి పాతదానికి కలిపించుకునే బాధ్యత రైతుదే.

పుంగనూరు ఆవు దగ్గర ఈ బిళ్లకు వింత సోకు వస్తుంది. మూడడుగుల ఎత్తు అటూ ఇటుగా ఉండే ఆవుకు కూడా పెద్ద జెర్సీకి వేసిన బిళ్లే. పొట్టి ఆవులకు గిరాకీ పెరిగాక కొనేవాళ్లు బిళ్ల చూసి జాతి తేల్చుకుంటున్నారేమోనని నా అనుమానం. రికార్డులో జాతి గడి నింపింది ఒక మనిషి కన్ను. ఆవు నెత్తురును ఎవరూ పరీక్షించలేదు. నంబరు చెప్పేది ఈ ఆవు ఏదో, ఎవరిదో అని మాత్రమే.

అదీ ఎవరిదో చెప్పాలంటే అమ్మకం నమోదు కావాలి. కుప్పం దాటితే ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. నంబరు దేశమంతటికీ ఒక్కటే, సరిహద్దు దాటినా మారదు. కానీ బేరం కుదిరిన రోజే పేరు మార్పించకపోతే, ఆవు కోలారులో పాలిస్తున్నా రికార్డులో కుప్పంలోనే మేస్తుంటుంది. రేపు దానికేమైనా అయితే, బీమాకు వెళ్లిన కొత్త యజమాని చేతిలో పాతాయన పేరుంటుంది.