ఏ రెక్కలో ఎంత?

ఎగరబోయే ముందు చేసే తనిఖీల్లో నేను ఎవరికీ వదిలిపెట్టని పని ఒకటుంది. రెక్క దగ్గర మెట్టెక్కి, ట్యాంకు మూత తీసి, డిప్‌స్టిక్ ముంచడం. మా విమానాల ఇంధనం ఏవ్‌గ్యాస్ లేత నీలంగా ఉంటుంది. పుల్ల మీద ఆ తడి చూస్తుండగానే ఆరిపోతుంది, ఆరేలోపే గీత చూసుకోవాలి. తర్వాత దిగి, అవతలి రెక్క దగ్గర మళ్ళీ అదే పని.

ఒకరోజు పొద్దున్నే మా సెస్నా 172లో ఎడమవైపు 65 లీటర్లు, కుడివైపు 25 తేలాయి. ముందురోజు సాయంత్రం రెండూ సమానమే. విమానం నిలిపినచోట నేల కాస్త ఎడమకు వాలు. ఇంధనం ఏ ట్యాంకు నుంచి రావాలో ఎంచే సెలెక్టర్‌ను ‘బోత్’ (రెండూ) మీదే వదిలేశారు. రెండు ట్యాంకులకూ దారి తెరిచే ఉంది. నీరు పల్లమెరుగు అంటాం, ఇంధనమూ అంతే.

“మొత్తం 90 ఉంది కద సార్, గంటసేపటికి చాలదా?” అన్నాడు నా దగ్గర నేర్చుకుంటున్న కుర్రాడు.

చాలుతుంది. కానీ ఆ 40 లీటర్ల తేడా దాదాపు 29 కిలోలు. కావడిలో ఒక కుండ నిండుగా, ఒకటి వెలితిగా ఉంటే మోసేవాడి భుజానికి వెంటనే తెలుస్తుంది. పైన వేగంగా పోతున్నప్పుడు మనకంత తెలియదు, కంట్రోల్ వీల్ కొంచెం పక్కకు పట్టుకుంటే సరిపోతుంది. ప్రమాదమంతా దిగేటప్పుడే. వేగం తగ్గేకొద్దీ, విమానాన్ని పక్కలకు వాల్చే ఐలరాన్ల పట్టు సడలుతుంది. అప్పుడు స్టాల్ అయితే, అంటే రెక్కలు లేపే శక్తి కోల్పోతే, బరువున్న రెక్కే ముందు కుంగవచ్చు. సర్దుకోవడానికి కింద అంత ఎత్తు ఉండదు.

పైపర్ చెరొకీలో అసలు ‘బోత్’ లేదు. లెఫ్ట్, రైట్ మనమే మారుస్తుండాలి. మరిచిపోతే ఒక రెక్క తేలికపడుతూ, చివరికి ఆ ట్యాంకు ఎండి ఇంజన్ ఆగిపోతుంది, రెండో ట్యాంకులో నిండా ఇంధనం ఉండగానే. నేను అరగంటకోసారి మార్చి, ఆ టైము కాగితం మీద రాసుకుంటాను. ఆ మార్చడంలోనూ ప్రమాదం ఉండవచ్చు. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే బే దగ్గర తాను నడుపుతున్న లాంగ్-ఈజీ విమానం కూలి చనిపోయారు. అందులో ట్యాంకు మార్చే పిడి ఎడమ భుజం వెనక ఉంది. దాన్ని తిప్పబోతూ తెలియకుండా కుడి రడ్డర్ పెడల్ తొక్కడంతో అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. ఆ సంగతి చదివినప్పటి నుంచి, ఏ కొత్త విమానం ఎక్కినా ముందు ఆ పిడి చేతికి అందుతుందో లేదో చూసుకుంటాను.

ఆ రోజు కుడి ట్యాంకులోనూ ఎడమదానంత ఇంధనం పోయించి, రెండువైపులా మళ్ళీ డిప్ చేశాకే ఎగిరాం. నేర్చుకుంటున్న పిల్లలూ, విమానం నిలిపాక సెలెక్టర్ లెఫ్ట్‌కో రైట్‌కో తిప్పి దిగండి. పొద్దున వచ్చాక రెండు రెక్కల దగ్గరా మెట్టెక్కండి.