పోగును చల్లార్చు లెక్క: గుణదోష విచారణ

కరగిన పాలిస్టరును సన్నని రంధ్రములు గల పలక గుండ నెట్టి, చల్లని గాలిలో క్రిందికి లాగి, పోగులుగా చుట్టుదురు. రంధ్రమువద్ద సుమారు 280 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల ద్రవము 70 డిగ్రీల ప్రాంతమునకు దిగునప్పటికి గట్టిపడును. ఈ మార్పును కంప్యూటరుపై అనుకరించు పద్ధతికి, జపాను శాస్త్రజ్ఞులు కాసే, మాట్సువో 1965లో ప్రకటించిన సమీకరణములు పునాదిగా నిలిచినవి. నేటికిని వాటిని వాడుచున్నారు గనుక వాటి గుణదోషములను విచారింతము.

మొదట గుణము. వేడి తగ్గినకొలది ద్రవపు స్నిగ్ధత పెరుగును. స్నిగ్ధత పెరిగినకొలది పోగు సాగుట కష్టమగును. సన్నబడిన పోగు మరింత త్వరగా చల్లారును. ఒకదానిపై నొకటి ఆధారపడిన ఈ మార్పులను విడదీయక, ద్రవ్యము, వేడిమి, లాగు బలము అను మూడింటి లెక్కలను వారు జతపరచినారు. ఇది గొప్ప మేలు.

ఇక లోపము. గాలి ఎంత వేడిని తీసికొనిపోవునో తెలుపు సూత్రమును, కదలక నిలిచియున్న వేడి తీగపై గాలి వీచి కొలిచి రాబట్టినారు. ఒంటరి పోగునకు ఇది చాలవరకు పనికివచ్చును. కాని యంత్రములో పదులకొలది పోగులు ప్రక్కప్రక్కనే దిగును. ముందు వరుసను తాకి వేడెక్కిన గాలియే వెనుక వరుసను చేరును. వెనుక పోగు ఆలస్యముగా గట్టిపడును. అందలి అణువుల అమరిక వేరగును. రంగు వేసినప్పుడు బట్టపై చారలు కనబడవచ్చును. అందుచేతనే తరువాతివారు గాలి వేడెక్కుటను గూడ లెక్కలో చేర్చిరి.

నమూనాను పరీక్షించుటలోను జాగ్రత్త అవసరము. తుది మందము సరిపోయినది గనుక నమూనా సరియైనదే యనుట చెల్లదు. ఒక రంధ్రమునుండి నిమిషమునకు 1 గ్రాము వచ్చుచు, పోగు నిమిషమునకు 1000 మీటర్ల వంతున చుట్టబడుచున్నదనుకొనుడు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.34 గ్రాములైనచో, పోగు వ్యాసము సుమారు 0.031 మిల్లీమీటరు వచ్చును. ఈ లెక్కలో గాలి ప్రసక్తియే లేదు! గాలి చల్లనిదైనను, వెచ్చనిదైనను జవాబు అదే. కావున రంధ్రమునుండి వేర్వేరు దూరములలో పోగు మందమును, వేడిమిని కొలిచి, కంప్యూటరు చెప్పిన విలువలతో పోల్చవలెను. వెనుక వరుస పోగులనుగూడ కొలువవలెను.

విద్యార్థులు పై లెక్కను తరగతిలోనే చేసి చూడవచ్చును. ఏ అనుకరణ ఫలితము చదివినను, దానిని ఏ కొలతతో పరీక్షించిరో, ఆ కొలత నమూనా తప్పైనను సరిపోయెడిదేమో విచారించుట వారికి అలవాటు కావలెను.