గొట్టం ఎక్కడ తెరుచుకుంటుంది?
కర్మ్ నారాయణ్ బహల్ వానపాము పని

14 నుంచి 16వ ఖండితం దాకా క్లైటెల్లం. 18లో పురుష జననరంధ్రాలు. 6 నుంచి 9 దాకా నాలుగు జతల శుక్రగ్రాహికలు. 7, 9, 12, 13 ఖండితాల్లో గుండెలు. 26లో పేగు తిత్తులు. ఒకప్పుడు తెలుగునాట బైపీసీలోనో, బీఎస్సీ జువాలజీలోనో చేరినవాళ్లంతా ఈ అంకెలు అప్పజెప్పినవాళ్లే. వానపాము బొమ్మను పెన్సిలుతో గీసి, పక్కన గీతలు లాగి, పేర్లు రాసి, మాస్టారి సంతకం కోసం రికార్డు పుస్తకం పట్టుకుని వరసలో నిలబడినవాళ్లే. ఆ పేర్ల మధ్య ఒక మనిషి పేరు మాత్రం ఎవరమూ రాయలేదు. మన పాఠాల్లోని ఫెరెటిమా అనే వానపాము చాలావరకు వచ్చింది 1926లో లక్నోలో అచ్చయిన ఒక పుస్తకం నుంచి. దాన్ని రాసినవారు కర్మ్ నారాయణ్ బహల్ (1891–1954), లక్నో విశ్వవిద్యాలయంలో జువాలజీ ఆచార్యులు.

బహల్ చదువుకున్నది లాహోర్‌లో, జాన్ స్టీఫెన్‌సన్ దగ్గర. ఆ గురువు గురించి ఒక మాట చెప్పాలి. ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరుగా వచ్చి, లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో జువాలజీ చెప్పి, పారశీకం నేర్చి, సనాయీ కావ్యం ‘హదీకా’ మొదటి భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి ఆయన. భారతదేశపు వానపాముల మీద 1923లో ఒక సంపుటం రాశారు. 1930లో ప్రపంచంలోని వానపాములు, వాటి నీటి బంధువులు అన్నిటి మీదా వెయ్యి పేజీలకు దగ్గరపడే గ్రంథం వెలువరించారు. గురువుది వెడల్పు. ఏ జీవి ఎక్కడ దొరికినా దానికి చోటు చూపించగల చూపు. శిష్యుడు ఎంచుకున్నది లోతు. కాళ్ల కింది మట్టిలో దొరికే ఒక్క వానపామును తీసుకుని, అందులో ఒక్క అవయవాన్ని పట్టుకుని, దాని వెంట పాతికేళ్లకు పైగా నడిచారు.

ఆ అవయవం పేరు నెఫ్రిడియం. మన మూత్రపిండం చేసే పనినే వానపాములో చేసే సన్నని మెలికల గొట్టం. ఇంగ్లండు పాఠ్యపుస్తకాల్లోని వానపాము లంబ్రికస్‌లో ఇది చాలా తేలిక వ్యవహారం. ఒక్కో ఖండితానికి ఒక జత. ఒక కొసన గరాటు లాంటి నోరు, మధ్యలో మెలికలు, రెండో కొస చర్మం మీద రంధ్రం. దేహకుహరంలోని ద్రవం గరాటులోకి చేరి, గొట్టంలో ప్రయాణించి, బయటికి పోతుంది. మన దేశంలో దొరికే ఫెరెటిమాను కోసి చూస్తే ఈ లెక్క కుదరదు. జత కాదు కదా, గుంపులు గుంపులుగా ఉంటాయి. కంటికి ఆనని చిన్న గొట్టాలు అడ్డుపొరల మీద, చర్మం లోపలి వైపు, గొంతు పక్కన ముద్దలు ముద్దలుగా కనిపిస్తాయి. ఇలాంటి చిల్లర నెఫ్రిడియా ఉన్న వానపాములు ఉంటాయని శాస్త్రానికి అప్పటికే తెలుసు. అవి చివరికి ఎక్కడ తెరుచుకుంటున్నాయన్నదే తేలాల్సిన సంగతి.

‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ మైక్రోస్కోపికల్ సైన్స్’లో 1919లో వచ్చిన పత్రంలో బహల్ దీనికి జవాబు చెప్పారు. ఆ జవాబును పాఠ్యపుస్తకాలు మూడు ముక్కల్లో తేల్చేస్తాయి కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చూద్దాం.

ముందు అడ్డుపొరలు. 15, 16 ఖండితాల మధ్య ఉన్న పొర మొదలుకొని వెనక్కి, ప్రతి పొరకూ ముందువైపున 40 నుంచి 50, వెనకవైపున అన్నే నెఫ్రిడియా వేలాడుతుంటాయి. అంటే ఒక్కో ఖండితానికి 80 నుంచి 100. వానపాము మొత్తంలో వేలు. ప్రతిదానికీ గరాటు ఉంది, మెడ ఉంది, మెలి తిరిగిన పొడవాటి మడత ఉంది, చివర సన్నని నాళం ఉంది. లంబ్రికస్ చదివిన కన్ను ఆ నాళం చర్మం దాకా పోతుందని ఊహిస్తుంది. అది అటు పోదు. పొర వెంబడి సాగే ఒక కాలువలో కలుస్తుంది. పొరకు రెండు చొప్పున ఉండే ఆ కాలువలు పైకి పాకి, పేగు మీదుగా నిడుపునా సాగే రెండు పెద్ద నాళాల్లో కలుస్తాయి. పిల్లకాలువలు బోదెల్లోకి, బోదెలు పెద్దకాలువలోకి కలిసినట్టే ఉంటుంది అమరిక. ఆ పెద్ద నాళాలు ఖండితం ఖండితానికీ పేగులోకి తెరుచుకుంటాయి. వానపాము మూత్రం బయటికి పోకుండా దాని పేగులోనే పడుతోందన్నమాట.

చర్మానికి అంటుకున్నవి రెండో రకం. ఖండితానికి 200 నుంచి 250. క్లైటెల్లం ఉన్న మూడు ఖండితాల్లో ఈ సంఖ్య దాదాపు పదింతలవుతుంది. వీటికి గరాటు లేదు. ఇవి మాత్రం బయటికే తెరుచుకుంటాయి. మూడో రకం 4, 5, 6 ఖండితాల్లో గొంతుకు ఇరుపక్కలా గుత్తులుగా ఉంటుంది. వీటి నాళాలు ముందుకు సాగి నోటిలోకి, గొంతులోకి తెరుచుకుంటాయి.

ఈ సంగతులు మూడు పేరాల్లో చదవడం తేలిక. కనిపెట్టడం ఎంత కష్టమో ఆ పని చేతులతో చేసినవాళ్లకే తెలుసు. మైనపు ట్రేలో వానపామును పరిచి, వీపు నడిమి గీతకు కొంచెం పక్కగా, నడి రక్తనాళం తెగకుండా కత్తెర పోనిచ్చి, ఏటవాలుగా పిన్నులు గుచ్చి, నీళ్లు పోస్తే పెద్ద అవయవాలు తేటగా కనిపిస్తాయి. నెఫ్రిడియా కనిపించవు. 15వ ఖండితం దాటాక ఒక అడ్డుపొరను పట్టకారుతో మెల్లగా గీకి గాజుపలక మీద పెట్టుకుంటేనే ఆ మెలికలు కంటబడతాయి. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో నెఫ్రిడియా మౌంటింగ్ అంటే అదే. కానీ అలా గీకి తీసిన నెఫ్రిడియం దాని చివరి నాళం దగ్గర తెగి వస్తుంది. ఎక్కడికి పోతోందన్న ప్రశ్నకు జవాబు సరిగ్గా ఆ తెగిన చోటనే ఉంది.

కాబట్టి తెంపకుండా చూడాలి. అంటే వానపామును పారఫిన్‌లో బిగించి, మైక్రోటోమ్‌తో పలుచని వరస కోతలు కోసి, రంగు వేసి, ఒక కోతలో చుక్కగా కనిపించిన నాళాన్ని తర్వాతి కోతలో, దాని తర్వాతి కోతలో వెతుక్కుంటూ పోవాలి. వానపాము విషయంలో దీనికి అదనపు చిక్కొకటి ఉంది. దాని పేగు నిండా ఇసుకరేణువులే. ఒక్క రేణువు చాలు, కత్తి అంచు విరిగి కోతలన్నీ చీలికలవుతాయి. అందుకే ముందు దాన్ని తడికాగితాల మధ్య ఉంచి, కడుపులోని మట్టి అంతా వెళ్లిపోయేదాకా ఆగాలి. ఓపిక లేనివాళ్లకు పేగు గోడలోకి తెరుచుకునే ఒక సూక్ష్మ రంధ్రం ఎన్నటికీ దొరకదు. ఏదో ఒక చినుగులా కనిపించి ఊరుకుంటుంది. బహల్ పనితనంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. అందరూ ఆగిపోయిన చోట ఆయన ఇంకో కోత చూశారు.

అక్కడితో ఆగి ఉంటే అది మంచి శరీర నిర్మాణ పరిశీలన అయ్యేది. ఆయన ఆగలేదు. 1921లో రక్తప్రసరణ మీద రాశారు. ఏ నాళంలో రక్తం ముందుకు, ఏ నాళంలో వెనక్కి, మొదటి 13 ఖండితాల్లో ఎలా, ఆ వెనక ఎలా అన్నది విడదీశారు. వీపు మీది రక్తనాళం వెనక భాగంలో రక్తాన్ని పోగుచేసుకుంటుంది, ముందు భాగంలో పంచిపెడుతుంది. ఒకే గొట్టం రెండు పనులు చేస్తుందన్న ఆ విషయం మనం పరీక్షల్లో ఎన్నిసార్లు రాశామో. 1922లో పిండాల వైపు తిరిగారు. ఈ వేల నెఫ్రిడియా ఎలా పుడతాయో, పేగులోకి పోయే దారి ఎప్పుడు ఏర్పడుతుందో పిండదశల్లో వెతికారు. వర్గీకరణకు ఇది అవసరమైన పని. అంతకుముందు నెఫ్రిడియాను పెద్దవి, చిన్నవి అని పరిమాణాన్ని బట్టి విడదీసేవాళ్లు. బహల్ రెండు వేరే ప్రశ్నలు అడిగారు. ఖండితానికి ఒక జతగా నిలిచిందా, లేక చిన్న చిన్న నెఫ్రిడియాగా విడిపోయిందా? పేగులోకి తెరుచుకుంటుందా, బయటికా? ఈ రెండు ప్రశ్నలతో వానపాముల కుటుంబాల మధ్య పోలికలు కొత్తగా కనిపించాయి. 1942లో ఆక్టోకీటస్ వర్గపు వానపాములను తీసుకుని అదే చూపుతో పరీక్షించారు.

మనకు దగ్గరి పత్రం 1924 నాటిది. అందులో ఆయన లాంపిటో అనే వానపామును పట్టుకుని, పేగులోకి తెరుచుకునే ఏర్పాటు దానిలోనూ ఉందని చూపించారు. లాంపిటో మారిటై దక్షిణ భారతంలో అతి సాధారణంగా కనిపించే జాతి. తొలకరి తర్వాత మన పెరట్లో, పొలం గట్టు మీద మట్టి పెళ్ల తిరగేస్తే దొరికే వాటిలో ఇదొకటి. ఉత్తరాది ఫెరెటిమాకు మన పాఠాల్లో దక్కిన చోటులో సగమైనా దీనికి దక్కి ఉండాల్సింది. ఇది బహల్ మీద ఫిర్యాదు కాదు. ఆయన తన ఊరి వానపామును చదివారు. మనం మన ఊరిదాన్ని వదిలేసి ఆయన ఊరిదాన్నే బట్టీ పట్టాం.

మూత్రాన్ని పేగులోకి వదిలితే వానపాముకు ఏమిటి లాభం? ఈ ప్రశ్నకు 1934లో ఆయన ఒక వాదన ముందుపెట్టారు, 1945లో కొలతలతో వచ్చారు. వానపాము ఊపిరి పీల్చేది చర్మంతో. చర్మం తడిగా ఉంటేనే ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. గంగా మైదానంలో వేసవి వడగాలులు వీచే నెలల్లో మట్టిలో ఉన్న తేమ ప్రతి చుక్కా దానికి ప్రాణమే. నెఫ్రిడియం తయారుచేసే మూత్రం రక్తం కంటే, దేహకుహర ద్రవం కంటే పలుచనిదని బహల్ తేల్చారు. అంటే గొట్టం దారిలోనే పనికొచ్చే లవణాలను వెనక్కి లాక్కుంటోంది. మిగిలిన పలుచని నీరు చర్మం మీదుగా పోతే అది దండగ. అదే పేగులోకి పోతే, పేగు ఆ నీటిని మళ్లీ పీల్చుకోగలదు. మలంతో పాటు బయటికి పోయేది వ్యర్థమే, నీరు లోపలే ఉంటుంది. చల్లగా తడిగా ఉండే ఇంగ్లండు నేలలో లంబ్రికస్‌కు ఇంత పొదుపు అక్కరలేదు.

1919లో కనిపించిన ఒక రంధ్రానికి 1945లో కారణం దొరికింది. ఇరవై ఆరేళ్ల పాటు ఒకే ప్రశ్నను మైక్రోస్కోపు నుంచి పిండాలకు, పిండాల నుంచి రసాయనశాలకు, అక్కడి నుంచి ఎండిన నేలకు మోసుకెళ్లారు. ఆకారం, పరిణామం, పర్యావరణం అని ఈనాడు మూడు విభాగాలుగా చదువుతున్నవి ఆయన పనిలో ఒకే గొట్టం వెంట నడిచాయి. వీటన్నిటినీ 1947లో ‘బయొలాజికల్ రివ్యూస్’లో ఒక సమీక్షా వ్యాసంగా కూర్చారు.

1926 నాటి పుస్తకం సంగతికి వస్తే, అది ఒక వరసలో మొదటిది. ‘ఇండియన్ జువలాజికల్ మెమాయిర్స్’ అని పేరు పెట్టి, మన దేశంలో దొరికే జంతువుల మీద ఇక్కడి పరిశోధకులే రాసిన పుస్తకాలను బహల్ సంపాదకుడిగా వెలువరించారు. బేనీ ప్రసాద్ నత్త పైలా మీద, పట్వర్ధన్ రొయ్య పాలిమాన్ మీద, ఎవాంజలిన్ తిల్లైయంపలం సొరచేప స్కోలియోడాన్ మీద, భాటియా జలగ మీద, ఎస్.ఎం.దాస్ సముద్రజీవి హెర్డ్‌మానియా మీద రాశారు. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లకు ఇవన్నీ తెలిసిన పేర్లు. ఆ చదువుల్లో ఇంగ్లండు జంతువుల స్థానంలోకి మన జంతువులు రావడానికి ఇలాంటి పుస్తకాలే దారి వేశాయి. వానపాము పుస్తకాన్ని ఆయన 1950లో నాలుగో కూర్పు దాకా సవరిస్తూనే ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత కన్నుమూశారు.

ఆయన చదివిన జీవి పేరు ఇప్పుడు మారిపోయింది. ఫెరెటిమా అన్న ఒక్క పేరు కింద వందల జాతులు పోగుపడ్డాక, 1972లో సిమ్స్, ఈస్టన్ ఆ గుంపును విడగొట్టారు. ఫెరెటిమా పోస్తుమా ఇప్పుడు మెటాఫైర్ పోస్తుమా. పేరు మారినా బహల్ చూపించిన కాలువలు, నాళాలు అక్కడే ఉన్నాయి. నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసేది ఆ చర్మపు నెఫ్రిడియా. నీటిని అంతగా పొదుపు చేసే ప్రాణి, ఖండితానికి 200కు పైగా గొట్టాలను చర్మం మీదికి ఎందుకు తెరిచి ఉంచింది? చర్మాన్ని తడిగా ఉంచడానికి అది పెట్టే ఖర్చు కావచ్చని నా అనుమానం.

కళాశాలల్లో ఇప్పుడు జంతువులను కోయించడం దాదాపు మానేశారు. మానేయాల్సిందే. అయితే నేటి విద్యార్థి వానపామును చూసేది పాఠ్యపుస్తకంలో ఎవరో మళ్లీ గీసిన, అంతకుముందు ఇంకెవరో గీసిన బొమ్మలో. దానికంటే 1919 నాటి పత్రాన్నే చూడవచ్చు. ఆ పత్రిక ‘జర్నల్ ఆఫ్ సెల్ సైన్స్’ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది, పాత సంచికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. జువాలజీ చెప్పే మాస్టార్లు విసర్జన పాఠం మొదలుపెట్టే రోజున పిల్లలకు దాన్ని తెరిచి చూపించాలి. ముందు బొమ్మలు చూడమనాలి, అడ్డుపొర మీది చివరి నాళాన్ని వేలితో పట్టుకుని పేగు దాకా పొమ్మనాలి, రాసినదాన్ని ఆ తర్వాత చదవమనాలి.