టీ ఎవరు పెట్టారు?

మన కథల్లో టీ దానంతటదే వస్తుంది. ‘ఈలోగా టీ వచ్చింది’, ‘టీ తాగి లేచాడు’. మగవాళ్ల కథల్లోనే కాదు, రచయిత్రుల కథల్లోనూ ఇవే వాక్యాలు. విమల ‘వంటిల్లు’ కవితనూ, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథనూ ఇంతగా చర్చించుకున్న మనకు టీ మాత్రం చాకిరీ లెక్కలోకి రాదు. ఒక్క టీయే కదా!

ఆ ఒక్క టీ సంగతే చూద్దాం. అల్లం దంచి ముందు నీళ్లలో బాగా మరిగించాలి. పచ్చి అల్లం తిన్నగా పాలల్లో పడితే విరిగిపోతాయి. తర్వాత యాలకులు, ఒక లవంగం, టీపొడి. డికాషన్ ఎర్రబడ్డాక పాలు. ఇక అక్కణ్ణుంచి కదలడానికి లేదు. పొంగితే మంట తగ్గించాలి, అణిగితే పెంచాలి. చేతులకు పెద్ద పనేం ఉండదు గానీ మనసును గిన్నె దగ్గర కట్టిపడేస్తుంది. ముందుగదిలో సాహిత్య చర్చ జరుగుతుంటే సగం వాక్యం దగ్గర లేచి వచ్చినవాళ్లకిది తెలుసు (చర్చ స్త్రీవాదం మీదే అయినా సరే!). తిరిగి వెళ్లేసరికి మాట మరెక్కడికో పోయి ఉంటుంది. ఆ సగం వాక్యం నాకు ఏ కథలోనూ కనబడలేదు.

టీపొడి వెనకా ఆడవాళ్లే. 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్ తోటల్లో ఆకు కోసే స్త్రీలు ‘పెంబిళై ఒరుమై’గా ఏర్పడి 20 శాతం బోనస్ కోసం సమ్మె చేశారు. యూనియన్ల మగ నాయకులను దగ్గరకు రానివ్వలేదు. వాళ్ల పనికి కూలి అనే పేరుంది, కాబట్టి తక్కువని అడగగలిగారు. ఇంట్లో టీకి ఆ పేరే లేదు. అందుకే ఈమధ్య ఏ కథ చదువుతున్నా, ‘టీ వచ్చింది’ అన్నచోట కర్త ఎవరని పెన్సిలుతో పక్కన రాసుకుంటున్నాను.